పడని వేలిముద్రలు

టెక్కలి హైస్కూల్లో ముప్పై రెండేళ్ళు తెలుగు చెప్పాను. 'ఏటి' అని రాసిన పిల్లల నోటుబుక్కుల్లో ఎర్రసిరాతో గీత కొట్టి, పక్కన 'ఏమిటి' అని రాయడం నా ఉద్యోగంలో సగం. మిగతా సగం 'సెప్పు'ని 'చెప్పు' చేయడం. పలాసలో పుట్టి పలాసలోనే పెరిగిన నేను నా నోట్లోంచి ఊరి మాటని ఎప్పుడు ఏరి పారేశానో నాకే గుర్తులేదు. ఫోన్లో నా గొంతు విన్నవాళ్ళు "మీది విజయవాడ వైపా అండీ" అని అడిగితే లోలోపల పొంగిపోయేదాన్ని. ఆ పొంగు నన్ను ఎక్కడిదాకా తీసుకుపోయిందో ఇప్పుడు చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఇన్నాళ్ళూ చెప్పనందుకు ఇంకా సిగ్గుగా ఉంది.

రిటైరయ్యాక పొద్దున్నే రైల్వే గ్రౌండులో నడక మొదలుపెట్టాను. నలుగురం జట్టయ్యాం. ఒకావిడ బ్యాంకులో చేసి రిటైరైంది. ప్రపంచంలో ఏ సంగతైనా ఫోన్లో చూసి చెప్పేస్తుంది. ఇంకొకావిడ గుడి పూజారిగారి భార్య. మా అందరికంటే పెద్దది కాబట్టి అక్కయ్యగారు అంటాం. నాలుగో మనిషి నా చిన్ననాటి నేస్తం. కాశీబుగ్గ బస్టాండు దగ్గర మొగుడూ పెళ్ళాం కోడలూ కలిసి కర్రీ పాయింట్ నడుపుతారు. మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి ఆమె పప్పుచారు కోసం ఆఫీసుల వాళ్ళు లైను కడతారు. మేమిద్దరం ఏడో తరగతి దాకా ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళం. ఆమె నన్ను 'ఏటే' అని పిలుస్తుంది. ఊళ్ళో నన్ను అలా పిలిచే మనిషి ఆమె ఒక్కతే.

ఒకరోజు నడక అయ్యాక సిమెంటు బెంచీ మీద కూర్చుని ఉండగా బ్యాంకావిడ "మనకీ ఒక బకెట్ లిస్ట్ ఉండాలి" అంది.

"బకెట్ల లిస్టేటి? ఎవులింట్లో పెళ్ళి? ఎంతమందికి?" అంది నా నేస్తం. ఆమెకి కేటరింగు ఆర్డర్లు వస్తుంటాయి. సాంబారు బకెట్లు, పెరుగు బకెట్లు తప్ప వేరే బకెట్లు ఆమెకి తెలియవు.

అక్కయ్యగారు నవ్వలేక కడుపు పట్టుకుంది. బ్యాంకావిడ కళ్ళు తుడుచుకుని, చచ్చేలోగా చేసి తీరాలనుకున్న పనుల పట్టీని అలా అంటారని విడమర్చి చెప్పింది. అక్కయ్యగారు కాశీ అంది, వెంటనే 'రెండుసార్లు వెళ్ళొచ్చానుగా' అని తనే కొట్టేసింది. నేను ఏవో మంచుకొండలు అన్నాను. నా నేస్తం మాత్రం ఆలోచించనైనా లేదు.

"నానైతే మన సముద్రానికి అటేపు ఒడ్డు సూడాల" అంది.

వాళ్ళది ఉద్దానంలో సముద్రాన్ని ఆనుకున్న ఊరు. ఆమె తాత 'రంగం' వెళ్ళాడు. రంగూన్‌ని మా వైపు పాతవాళ్ళు అలాగే అనేవారు. ఓడెక్కినవాడు మళ్ళీ రాలేదు. నాయనమ్మ ఇసకలో కూర్చుని అటే చూస్తూ ఉండేదట. అటేపు ఏటుందని మనవరాలు అడిగితే "ఇసకే ఉంటాది, మరేటుంటాది" అని కసిరేదట. తర్వాత ఒక తుఫానుకి కొబ్బరిచెట్లన్నీ నేలకూలితే, వాళ్ళ నాన్న పిల్లల్ని తీసుకుని పనికోసం పలాస వచ్చేశాడు.

బ్యాంకావిడ అక్కడికక్కడే ఫోను తీసింది. రంగూన్ వెళ్ళే పరిస్థితి ఇప్పుడు లేదంది. దానికి దిగువన మలేషియా ఉందనీ, అందులో లంకావి అనే దీవిలో పడమటి ఒడ్డున నిలబడితే మన వైపే చూస్తున్నట్టనీ, విశాఖపట్నం నుంచి విమానం ఉందనీ, వీసా గొడవ కూడా లేదనీ పది నిమిషాల్లో తేల్చేసింది. అక్కయ్యగారు "పులిహోర తీసుకెళ్ళనిస్తారా?" అని ఒక్కటే అడిగింది. ఆ లెక్కన ప్రయాణం ఖాయమైపోయినట్టే.

మర్నాడు నా నేస్తం నడకకి వచ్చింది గానీ మొహంలో కళ లేదు. ఇద్దరం వెనకబడ్డాక "నాను రానే" అంది.

"ఏం?"

"నా ఏళ్ళు పడవు కదే. రేషను కాడే పడవు, కళ్ళు సూపించి తెచ్చుకుంటన్నాను. ఆ దేశంలో దిగ్గానే ఏలు పెట్టమంటారట. బ్యాంకమ్మ సెప్పింది. పడకపోతే ఏటి సేత్తారు? జైల్లో ఎట్టెత్తారేటి?"

"పిచ్చిదానివా? నేనుంటాను కదే. నీ పక్కనే నిలబడతాను. ఇంగ్లీషులో నేను చెబుతాను."

"ఒట్టు?"

"ఒట్టు."

ఆ ఒట్టు మీద ఆమె పాస్‌పోర్టుకి పెట్టుకుంది. విశాఖపట్నం ఆఫీసులో కూడా వేళ్ళు ఓ పట్టాన పడలేదు. తుడిపించి, కడిగించి, మళ్ళీ మళ్ళీ పెట్టించి ఎలాగో తీసుకున్నారు. అప్పుడు నేను పక్కనే ఉన్నాను. కౌంటర్లో ఉన్న అమ్మాయికి నేనే సర్దిచెప్పాను. తెలుగులో సర్దిచెప్పడానికి నాకేం భయం?

ఆ వేళ్ళు ఎందుకు పడవో నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. మా నాన్నగారికి జీడి ఫ్యాక్టరీ ఉండేది. ఫ్యాక్టరీ అంటే పెద్దదేమీ కాదు, రేకుల షెడ్డు, ముందు ఒక గది. ఏడో తరగతి పరీక్షలు అయిన వేసవిలో నా నేస్తం వాళ్ళమ్మతో కలిసి ఆ షెడ్డులోకి పనికి వచ్చింది. మళ్ళీ బడికి రాలేదు. కాల్చిన జీడిపిక్కని రాయి మీద పెట్టి చిన్న సుత్తితో కొట్టి పప్పు తీయాలి. పెంకులోంచి కారే నూనె తగిలితే చర్మం కాలి, నల్లబడి, పొరలుగా ఊడిపోతుంది. బూడిద రాసుకునేవారు, ఆముదం రాసుకునేవారు. ఏం రాసుకున్నా ఊడేది ఊడేది. నేను ముందు గదిలో నాన్నగారి కుర్చీలో కూర్చుని పద్యాలు వల్లెవేస్తుంటే కిటికీలోంచి జీడి కొట్టేవాళ్ళ వరస కనబడేది. ఆమె తలెత్తి నన్ను చూసి నవ్వేది. మొదట్లో నేనూ నవ్వేదాన్ని. తర్వాత్తర్వాత కిటికీ వైపు వీపు పెట్టి కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. మా నాన్నగారు చెడ్డవారు కాదు, ఆ రోజుల్లో అన్ని షెడ్లూ అంతే. ఇలాగే చెప్పుకుంటూ వచ్చాను.

పాతికేళ్ళు ఆ పని చేసింది. మా షెడ్డు మూసేశాక ఇంకో షెడ్డులో చేసింది. తర్వాత వంటలోకి దిగింది. పొయ్యి ముందు చేతులు బాగుపడతాయా?

బయల్దేరే రోజు పలాస స్టేషను ప్లాట్‌ఫారం మీద ఆమె వేళ్ళు చూసుకుంటూ నిలబడింది. రేషను దగ్గర వేలు పడకపోతే మా వైపు ఆడవాళ్ళు వేలిని నుదుటికో, జుట్టుకో రుద్దుకుని మళ్ళీ పెడతారు. ఆ జిడ్డుకి ఒక్కోసారి పడుతుంది. అది గుర్తొచ్చి నేను నా సంచిలోంచి చిన్న కొబ్బరినూనె సీసా తీసిచ్చి, "దిగే ముందు వేళ్ళకి బాగా పట్టించుకో, పడతాయి" అన్నాను. టీచరు చెప్పాక తిరుగేముంది? ఆమె దాన్ని జాకెట్లో దాచుకుంది. నౌపడ దాటాక ఉప్పుమళ్ళ మీద ఎండ మెరుస్తుంటే కిటికీ పట్టుకుని పాట అందుకుంది. పెట్టెలో వాళ్ళందరూ చూశారు. మేమూ గొంతు కలిపాం. చాలా సంతోషంగా ఉన్నాం, అది నిజం.

విమానంలో వాళ్ళ ముగ్గురికీ ఒకచోట వచ్చాయి సీట్లు, నాకు నాలుగు వరసల వెనక. నా పక్కన ఇద్దరు విజయవాడ ఆడవాళ్ళు. ఒకావిడ కాలేజీలో లెక్చరరుగా చేశారట, రెండో ఆవిడ ఆవిడ చెల్లెలు. చక్కని చీరలు, చక్కని భాష. మాటల్లో పడ్డాం. "మీరూ మా వైపేనా అండీ?" అని అడిగింది లెక్చరరు గారు. "ఆ వైపు చుట్టాలున్నారండీ" అన్నాను. ఒక్క చుట్టం లేడు. కుటుంబం గురించి అడిగితే జీడి వ్యాపారమన్నాను. షెడ్డు అనలేదు.

కిటికీ బయట వెన్నెల కాస్తోంది. ఇంతలో ముందు వరసలోంచి నా నేస్తం గొంతు ఖంగుమంది. "ఓలమ్మ! ఏటే ఇది, మబ్బు కిందకెల్లిపోనాది!"

లెక్చరరు గారు కిసుక్కున నవ్వింది. "ఆ యాస వింటే నాకు నవ్వాగదండీ. సినిమాల్లో పనిమనుషులు అచ్చం ఇలాగే మాట్లాడతారు."

నేనూ నవ్వాను. మొహమాటానికి కాదు, బాగానే నవ్వాను.

తెల్లవారుతుండగా దిగాం. పాస్‌పోర్టులు చూసే హాల్లో వరసలు వరసలుగా జనం. అక్కయ్యగారు, బ్యాంకావిడ వేరే లైన్లో పడి చకచకా దాటేసి, సామాన్లు వచ్చే చోటికి వెళ్ళిపోయారు. నేను విజయవాడ అక్కచెల్లెళ్ళ వెనక నిలబడ్డాను. నా నేస్తం పరుగున వచ్చి నా వెనక చేరింది. "నూనె రాసుకున్నానే, ఏళ్ళు మెరిసిపోతన్నాయి సూడు" అని గుసగుసగా చెప్పింది. నేను వెనక్కి తిరగకుండా తలూపాను. ముందున్న ఇద్దరికీ వినబడుతుందేమోనని నా భయం.

వాళ్ళు దాటారు. ఆమెని ముందు పంపి నేను వెనక ఉండాలి. ఆ ఇంగితం లేకపోలేదు. అయినా నేనే ముందు వెళ్ళాను. రెండు చూపుడువేళ్ళు అద్దం మీద పెట్టాను, పచ్చదీపం వెలిగింది, ముద్ర వేశాడు, దాటాను. అవతల లెక్చరరు గారు చెల్లెలి హ్యాండ్‌బ్యాగు సర్దుతూ నిలబడి ఉంది. నేను వాళ్ళ పక్కన ఆగి వెనక్కి చూశాను.

నా నేస్తం వేళ్ళు పెట్టింది. ఎర్రదీపం. మళ్ళీ పెట్టింది. ఆఫీసరు కుర్రవాడు లేచి అద్దం కేసి చూశాడు. అద్దమంతా కొబ్బరినూనె. కాగితం తీసి తుడిచాడు, ఆమెకీ ఒక కాగితం ఇచ్చి తుడుచుకోమని సైగ చేశాడు. తుడుచుకుని పెట్టింది. ఎర్రదీపం. అప్పుడు ఆమె తనకి తెలిసిన పని చేసింది. వేళ్ళని జుట్టులో పెట్టి రుద్దుకుంది. నుదుటికి రాసుకుంది. చెవి వెనక రాసుకుంది. మళ్ళీ పెట్టింది. ఆఫీసరుకి ఏమీ అర్థం కాక అలాగే చూస్తున్నాడు.

"అదేమిటండీ, తల గోక్కుంటోంది!" అంది లెక్చరరు గారు. చెల్లెలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆఫీసరు ఏదో అడిగాడు. "వర్క్? వాట్ వర్క్?" అన్నది నాకు వినబడింది. ఏం పని చేస్తావు, వేళ్ళు ఇలా ఎందుకున్నాయి అని. మర్యాదగానే అడిగాడు. నా నేస్తం అటూ ఇటూ చూసింది. నేను కనబడ్డాను. మొహం విప్పారింది. చెయ్యెత్తి నన్ను చూపించింది.

"మై ఫ్రెండు! మై ఫ్రెండు! టీచరు!"

ఆమెకి వచ్చిన ఇంగ్లీషంతా అదే. ఆఫీసరు కుర్చీలోంచి వంగి నావైపు చూశాడు. "మేడమ్, టుగెదర్?"

"మీ మనిషా అండీ?" అంది పక్కన లెక్చరరు గారు, ఆశ్చర్యంగా.

"నో" అన్నాను.

తల కూడా అడ్డంగా ఊపాను. ఆఫీసరుకి అనుమానం మిగలకుండా. తర్వాత లెక్చరరు గారి వైపు తిరిగి, "తెలీదండీ, మన విమానంలోనే వచ్చినట్టుంది" అన్నాను. ఆ అక్కచెల్లెళ్ళని మళ్ళీ నేనెప్పుడూ చూడలేదు. ఇప్పుడు ఎదురుపడినా పోల్చుకోలేను. వాళ్ళ కోసం అన్న మాట అది.

ఎందుకన్నానని నన్ను నేను చాలాసార్లు నిలదీసుకున్నాను. భయం కొంత. పరాయి దేశం, యూనిఫారాలు, నన్ను కూడా పక్కకి రమ్మంటారేమోనన్న పిరికితనం. కానీ భయం చిన్నది. ఆ తలగోక్కునే మనిషి నా మనిషని చెప్పుకోవడం నాకు నామోషీ అయింది, పెద్దది అదే. దానికింద ఇంకొకటి ఉంది. 'షి వర్క్‌డ్ ఇన్ ఎ క్యాష్యూ ఫ్యాక్టరీ' అని ఒక్క ముక్క చెబితే పని జరిగిపోయేది. నాకు ఆ వాక్యం వచ్చు. దారి పొడుగునా మనసులో వల్లెవేసుకున్నాను కూడా. కానీ చెబితే, ఎవరి ఫ్యాక్టరీ అని అడుగుతారనిపించింది. ఎవరడుగుతారు? ఆ ఆఫీసరుకి పలాస ఎక్కడో తెలుసా, మా నాన్నగారు తెలుసా? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఏమిటో పిల్లలకి ముప్పై రెండేళ్ళు చెప్పిన నేను, అప్పుడే నేర్చుకున్నాను.

ఆమె చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. 'నో' అన్న మాటకి అర్థం ఆమెకి తెలుసు. అది తెలియని వాళ్ళెవరు? చెయ్యి నెమ్మదిగా దించింది. యూనిఫారంలో ఉన్న ఒకమ్మాయి వచ్చి ఆమెని పక్కనున్న బెంచీ వైపు తీసుకెళ్ళింది. నేను మెట్లు దిగి వెళ్ళిపోయాను. ఏరు దాటి తెప్ప తగలేయడం అంటారు కదా, నేను తెప్పలో ఇంకా మనిషి ఉండగానే తగలేశాను.

సామాన్ల దగ్గర అక్కయ్యగారు, బ్యాంకావిడ నాలుగు పెట్టెలూ దింపుకుని నిలబడ్డారు. "అదేదీ?" అన్నారు. "దాని లైను ఆలస్యమవుతోంది" అన్నాను. పావుగంట గడిచింది. అక్కయ్యగారు కంగారు పడింది. "పాపం దానికి ఇంగ్లీషు రాదే, వేళ్ళు పడకపోతే?" అంది. "నేను చూసొస్తానండీ" అని వెనక్కి నడిచాను.

వెనక్కి వెళ్ళలేదు. దారిలో ఆడవాళ్ళ టాయిలెట్ కనబడితే అందులో దూరాను. లోపల గడియ పెట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడు వెళ్ళి చెప్పొచ్చు, తప్పయింది, ఆవిడ నా స్నేహితురాలే అని చెప్పొచ్చు. అయితే ఇందాక ఎందుకు కాదన్నావంటాడు. అదే అదే తిరిగింది బుర్రలో. అరగంట పైగా అలా కూర్చున్నాను. చేతులు కడుక్కుని, మొహం కడుక్కుని, బొట్టు దిద్దుకుని బయటికి వచ్చాను. బొట్టు దిద్దుకున్నానన్నది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

బయటికి వచ్చేసరికి నా నేస్తం ఎదురుగా మెట్లు దిగి వస్తోంది. పక్కన నీలం యూనిఫారంలో, చీపురుకట్టల బండి తోసుకుంటూ ఒక పెద్దావిడ. ఆవిడ నా నేస్తం భుజం తట్టి, ఏదో చెప్పి, బండి తిప్పుకుని వెళ్ళిపోయింది. నేను పరుగున వెళ్ళి పక్కన కలిశాను. ఆమె నన్ను చూసింది. ఇద్దరం కలిసి నడుచుకుంటూ సామాన్ల దగ్గరికి వచ్చాం.

"తీసుకొచ్చేశావా!" అని బ్యాంకావిడ చప్పట్లు కొట్టింది. అక్కయ్యగారు నా బుగ్గ పుణికి, "నువ్వు లేకపోతే ఇదేమైపోయేదే తల్లీ" అంది.

"పర్లేదండీ" అన్నాను.

నా నేస్తం తన పెట్టె హ్యాండిలు లాగుతోంది. అది ఇరుక్కుపోయింది, రావడం లేదు. నేను సాయం చేయబోతే తనే గట్టిగా గుంజి పైకి లాగుకుంది.

హోటల్లో మా ఇద్దరికీ ఒక గది. తలుపు వేశాక "ఎలా వదిలారే?" అని అడిగాను. చెప్పడం మానలేదు, మామూలు గొంతుతోనే చెప్పింది. బెంచీ మీద కూర్చుని 'ఓలమ్మ, నానేటి సేసినాను' అని ఏడుస్తుంటే ఆ చీపురుబండి ఆవిడ ఆగిందట. "ఏటమ్మా, ఏల ఏడుత్తన్నావు?" అని అడిగిందట. ఆవిడ ముత్తాతలు ఎప్పుడో ఓడెక్కి మన వైపు నుంచే వెళ్ళారట.

"అచ్చం మా నాయనమ్మనాగే మాటాడింది" అంది నా నేస్తం. "మనూళ్ళో పిల్ల గుంటలు కూడా ఇప్పుడు అలగ మాటాడరు. జీడి కొట్టిన సెయ్యని సెప్పినాను. ఆవిడెల్లి వోళ్ళ బాసలో సెప్పింది. పెద్దాఫీసరు వొచ్చి సేతులు తిరగేసి సూసినాడు. కుర్సీ ఏయించినాడు, మంచినీల్లిచ్చినాడు. మంచోడే. ముద్దరేసి పంపించేసినాడు."

"నాకు భయమేసిందే" అన్నాను.

"ఊఁ" అంది. అటు తిరిగి పడుకుంది.

ఆ తర్వాత ఐదు రోజులు టూరు బస్సువాళ్ళు ఎక్కడెక్కడికి తిప్పారో ఫొటోలు చూస్తే గానీ నాకు గుర్తురాదు. గుర్తున్నదొక్కటే, ఆమె నన్ను ఏమనీ పిలవలేదు. పోట్లాడి ఉంటే బాగుండేది. పొద్దున్న నాకూ టీ కలిపిచ్చేది, నా చీర మడతపెట్టేది, బస్సులో కిటికీ పక్క చోటిచ్చేది. 'ఏటే' అన్న పిలుపు మాత్రం లేదు. నేను ముప్పై రెండేళ్ళు ఎర్రసిరాతో కొట్టేసిన మాట కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నాను.

లంకావి ఒడ్డుకి సాయంత్రం తీసుకెళ్ళారు. ఆమె చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని నీళ్ళలోకి నడిచింది. మోకాలి లోతు దాకా వెళ్ళి నిలబడింది. ఆ ఒడ్డు చూడాలన్నది ఆమె కోరిక. పక్కన నిలబడతానన్నది నా ఒట్టు. నేను కొబ్బరిచెట్ల దగ్గరే ఉండిపోయాను. ఎలాంటి సందేహమైనా ముందు నన్నే అడిగే మనిషి, బ్యాంకావిడని పిలిచి "మనూరు ఎటేపు?" అని అడిగింది. బ్యాంకావిడ ఫోను చూసి చెయ్యి చాపి చూపించింది. ఆమె అటు తిరిగి దండం పెట్టింది. వాళ్ళ తాతకో, నాయనమ్మకో నాకు తెలీదు.

తిరిగి వచ్చిన వారానికి మా ముగ్గురినీ భోజనానికి పిలిచింది. తేలు కుట్టిన దొంగలా వెళ్ళాను. ఎలా వెళ్ళకుండా ఉంటాను, అందరూ ఎందుకు రాలేదని అడుగుతారు. కర్రీ పాయింట్ వెనకే వాళ్ళ ఇల్లు. భర్త, కోడలు, చుట్టుపక్కల ఆడవాళ్ళు ఐదారుగురు. వడ్డనలయ్యాక అందరూ 'విమానం సంగతులు చెప్పు' అని చుట్టూ చేరారు. చెప్పేస్తుందనుకున్నాను. చెప్పెయ్యాలనే కూడా అనిపించింది, ఆ ఒక్క క్షణం.

ఆమె మొదలుపెట్టింది. మబ్బులు కిందకెళ్ళిపోవడం, నూనె రాసుకోవడం, ఎర్రదీపం, ఆఫీసరు నోరు తెరుచుకుని చూడడం. తనమీద తనే ఛలోక్తులేసుకుంటూ చెబుతుంటే అందరూ పడీపడీ నవ్వారు. తర్వాత గొంతు తగ్గించింది.

"నన్ను పక్కన కూకోబెట్టేసినారు. ఏడుపొచ్చీసింది. అప్పుడు మా టీచరమ్మ వొచ్చింది. దాటెల్లిపోయిన మనిసి మల్లీ ఎనక్కొచ్చింది. ఆ ఆపీసరుతోటి టకటకా ఇంగిలీసులో మాటాడింది. 'ఇది నా నేస్తం, చిన్నప్పట్నుంచీ నా నేస్తం, ఈ సేతులు జీడి కొట్టిన సేతులు, ఏటనుకుంటన్నావు' అన్నాది. ఆడు బెదిరిపోయి ముద్దరేసీసినాడు!"

అందరూ నా వైపు తిరిగారు. అక్కయ్యగారు కళ్ళు ఒత్తుకుంది. ఆమె భర్త లేచి నిలబడి, రెండు చేతులూ జోడించి, "మీరుండబట్టి మా ఆడమనిసి ఇంటికొచ్చింది తల్లీ" అన్నాడు. ఆయనకి డెబ్బై ఏళ్ళుంటాయి. నేను కూడా చేతులు జోడించాను. చీపురుబండి తోసే ఆ పెద్దావిడకి దక్కాల్సిన దండం నేను అందుకున్నాను.

చెయ్యి కడుక్కునే నెపంతో పెరట్లోకి వెళ్ళాను. కుళాయి దగ్గర ఆమె గిన్నెలు కడుగుతోంది. చుట్టూ ఎవరూ లేరు.

"ఎందుకలా చెప్పావే?" అన్నాను. "నన్ను కాపాడాలనా?"

"నిన్ను కాపాడ్డమేటి? నీకేటయిందని?" అంది తల ఎత్తకుండానే. గిన్నె బోర్లించి, కుళాయి కట్టేసి, చేతులు కొంగుకి తుడుచుకుంది. అప్పుడు నా మొహంలోకి చూసింది. "టీచరమ్మ నా నేస్తం, టీచరమ్మ నా నేస్తం అని పెళ్ళయి వొచ్చిన కాణ్ణించీ ఈ ఇంట్లో సెప్పుకుంటన్నాను. కోడలు కాపరానికొచ్చిన్నాడు కూడా మొదట అదే సెప్పినాను. ఆ నేస్తం పదిమందిలో నన్ను ఎరగనన్నాదని ఏ మొకం ఎట్టుకుని సెప్పమంటావు? నాకు సిగ్గు కాదేటి?"

అప్పటిదాకా సిగ్గుపడుతున్నది నేనొక్కదాన్నే అనుకున్నాను. ఆమె కూడా పడుతోంది, నన్ను చూసి.

లోపల్నుంచి కోడలు కేకేసింది. "అత్తా, టీచరమ్మగారికి పాయసం ఎట్టనేదు, రమ్మను." ఆమె గిన్నెలు ఎత్తుకుని లోపలికి వెళ్ళింది. నేనూ వెనకాలే వెళ్ళి, నా కోసం ఖాళీగా ఉంచిన కుర్చీలో కూర్చున్నాను. అందరూ చూస్తుండగా పాయసం తిన్నాను.